పట్టి తెచ్చిన చేపకు ఏ మేత మేలు: బతికున్నదా, పెల్లెట్టా?

సంక్రాంతికి నెల్లూరు వైపు మా ఊరెళ్లి పొలం కాలవలో పట్టుకొచ్చిన కొన్ని పరిగెలు, రెండు పంచాక్స్‌లు (నీటి పైపైనే తిరిగే చిన్న చేపలు), ఒక మట్టగిడస పిల్ల ఇప్పుడు చెన్నైలో మా అంబత్తూరు ఇంట్లో తొట్లలో పెరుగుతున్నాయి. ఇక్కడి రంగు చేపల బజారు కొళత్తూరులో కొనే గప్పీలు, మోలీలు ఫారాల్లో పుట్టి పెల్లెట్లు, అంటే గింజల్లా చేసిన మేత, తింటూ పెరిగినవి. కాలవ చేప అలా కాదు. దానికి కదిలేదే తిండి. నీళ్లలో పడ్డ గింజ కూడా తినేదేనని దానికి ఎవరూ నేర్పలేదు.

"మంచి పెల్లెట్లు వేస్తే చాలదా?" అని మా బావ అడిగాడు. పరిగెలకైతే చాలు. అవి నాచు, పురుగు, మెతుకు ఏదైనా కొరికి చూస్తాయి. నాలుగో రోజుకే పెల్లెట్లకు అలవాటుపడ్డాయి. పంచాక్స్ సంగతి వేరు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీద వాలిన పురుగును అందుకోవడానికి. మొదటి వారం పెల్లెట్లే వేశాను. రెండూ ముట్టలేదు, పొట్టలు లోపలికి పోయాయి. అవి అలా చిక్కిపోతుంటే నాకు నిద్ర పట్టలేదు.

దోమ లార్వాలు వేసిన రోజు రెండూ ఎగబడి తిన్నాయి. ఇంతకు మించిన మేత వాటికి లేదు, పైగా డబ్బు ఖర్చు లేదు. కానీ చెన్నైలో దీనికి చాలా జాగ్రత్త కావాలి. డెంగీ మోసే దోమ మన బకెట్లలోని మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో లార్వా దోమైపోతుంది. రెండు రోజులకోసారి మొత్తం వలతో వడకట్టగలిగితేనే లార్వాల కోసం బకెట్లో నీళ్లు పెట్టండి. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వద్దు. ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవి, మేలు: దాని గుడ్లను ఉప్పునీళ్లలో వేసి గాలి పంపు పెడితే దాదాపు 24 గంటల్లో పిల్లలవుతాయి. మంచినీళ్లతో కడిగి వేయాలి.

ట్యూబిఫెక్స్ నేను వాడను. అది మురుగు బురదలో బతికే పురుగు. పైపైన ఎంత కడిగినా దాని కడుపులోని రోగం పోదు.

ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్స్‌తో, అంటే గడ్డకట్టించి అమ్మే ఎర్రటి పురుగు లార్వాలతో, దోమల భయం లేదు. తొట్టి నీళ్లే గిన్నెలోకి తీసి, అందులో కరిగించి, ఫిల్టర్ నీరు పారే చోట వదిలితే ఆ కదలికకు చేపలు వస్తాయి. డిసెంబరు తుపాన్లకు కరెంటు పోయి ఒకసారి కరిగిపోతే మాత్రం పారేయాల్సిందే.

మట్టగిడసకు వానపాము, మావైపు ఎర్ర అంటాం, ముక్కలు చేసి వేస్తాను. చవగ్గా దొరికే చిన్న చేపల్ని బతికుండగా వేయడం తప్పు, వాటి జబ్బులన్నీ దీనికి అంటుతాయి. ఇది పైకొచ్చి గాలి పీల్చే చేప, కాబట్టి నీటికీ మూతకీ మధ్య జానెడు ఖాళీ ఉంచాలి. మూత లేకపోతే దూకేస్తుంది.

ఏది మేలంటే, పట్టి తెచ్చిన మొదటి నెల బతికున్న మేతే. ఆ తర్వాత ఫ్రోజెన్ మేతకు నానబెట్టిన పెల్లెట్లు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. మిగిలింది కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలు చస్తాయి.

ఇప్పుడు మా పంచాక్స్‌లు పెల్లెట్టు పడిన చప్పుడుకే పైకొస్తున్నాయి. మట్టగిడస మాత్రం ఇంకా ఎర్ర కోసమే చూస్తుంది. వాన పడ్డ మర్నాడు పూలకుండీల కింద వెతికి తెచ్చి పెడుతున్నాను.