జాగ్రత్త: బ్లూగిల్, క్రాపీ తూచడానికి 50 కిలోల వేలాడే కాటా కొనకండి

అమెరికాలో చెరువుల మీద, రిజర్వాయర్ల మీద గాలం వేసే మనవాళ్ళకు ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఫిషింగ్ స్కేల్ అని వెతగ్గానే ముందు వరసలో కనిపించే 50 కిలోల (110 పౌండ్ల) డిజిటల్ కాటాల్లో చాలావరకు సూట్‌కేసులు తూచేవే. డబ్బా మీద చేప బొమ్మ వేసి అమ్ముతున్నారు. పెద్ద క్యాట్‌ఫిష్‌కు సరిపోతాయి. బ్లూగిల్, క్రాపీ లాంటి, పెనంలో రెండు మూడు పట్టే చిన్న చేపలకు మాత్రం డబ్బు దండగ.

లెక్క చూడండి. ఒళ్ళున్న ఆరంగుళాల బ్లూగిల్ సుమారు 70 గ్రాములు, ఎనిమిదంగుళాలదైతే 190 గ్రాముల దాకా తూగుతుంది. కాటా వెనక చీటీ మీద d=10g అని ఉంటే తెర మీద అంకె పదేసి గ్రాముల చొప్పున మారుతుందని మాత్రమే అర్థం, పది గ్రాముల లోపే తేడా వస్తుందని కాదు. ఒక్క మెట్టు తప్పినా 70 గ్రాముల చేపలో ఏడో వంతు పోయినట్టే.

అంతకన్నా పెద్ద మోసం సున్నా దగ్గర జరుగుతుంది. గాలికో వేడికో అంకె ఊగకుండా ఈ కాటాలు సున్నాకు దగ్గరగా ఉన్న చిన్న మార్పుల్ని తమంతట తామే సున్నా చేసేసుకుంటాయి. బరువు మెల్లగా పడితే దాన్ని కూడా మింగేస్తాయి. చిన్న పెర్చ్ చేపను నెమ్మదిగా వేలాడదీస్తే 0 దగ్గరే నిలిచిపోవడానికి కారణం ఇదే. బ్యాటరీ మార్చినా లాభం లేదు.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. అమెరికా నికెల్ నాణెం బరువు సరిగ్గా 5 గ్రాములు. బ్యాంకులో రెండు డాలర్లిస్తే 40 నికెల్స్ వస్తాయి, అంటే 200 గ్రాములు. పల్చటి ప్లాస్టిక్ సంచీ తగిలించి, కాటాను సున్నా చేసి, పది నికెల్స్ ఒకేసారి వేయండి. 50 చూపాలి. తీసేసి, మళ్ళీ సున్నా చేసి, ఈసారి ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ వేయండి. రెండోసారి మొదటిసారి కన్నా తక్కువ చూపినా, అంకె అసలు కదలకపోయినా ఆ కాటా మీకు పనికిరాదు. తర్వాత 100, 200 గ్రాముల దగ్గర మూడేసి సార్లు తూచి, ప్రతిసారీ అదే అంకె వస్తోందో లేదో చూడండి.

ఔన్సుల దగ్గర కూడా చాలామంది బోల్తా పడుతున్నారు. తెర మీద 0.12 అని పౌండ్లలో కనిపిస్తే అది 12 ఔన్సులు కాదు, రెండు ఔన్సుల లోపే. పౌండుకు 16 ఔన్సులు కాబట్టి అర పౌండు 0.50 అని పడుతుంది, 8 అని కాదు. చిన్న చేపలకు గ్రాముల్లోనే తూచుకోవడం మేలు. కావాలంటే 28.35తో భాగిస్తే ఔన్సులు వస్తాయి.

చేప నోరు పట్టుకునే గ్రిప్‌లో అమర్చిన స్ప్రింగ్ కాటాలు కొన్నింటికి పావు పౌండుకొక గీత ఉంటుంది. పావు పౌండంటే 113 గ్రాములు, ఆరంగుళాల బ్లూగిల్ మొదటి గీతకే చేరదు. పైగా క్రాపీ పెదవి పొర కాగితమంత పలచన, గ్రిప్‌తో వేలాడదీస్తే చిరుగుతుంది. వదిలేయదలచిన చేపనైతే తడిపిన వల సంచీలో పెట్టి తూచండి. ముందు ఆ తడి సంచీతోనే సున్నా చేయడం మరవకండి.

మరేది కొనాలి? ఒడ్డున తూచేవాళ్ళకు 5 కిలోల వంటింటి కాటా, d=1g ఉన్నది, చాలు. దాని మీద లోతైన ప్లాస్టిక్ గిన్నె పెట్టి, గాలి తగలని చదునైన చోట తూచాలి. ఊగే పడవలో మాత్రం అది నిలబడదు. అక్కడికి తక్కువ బరువుకే చేసిన గొట్టం లాంటి స్ప్రింగ్ కాటా నయం. పక్షుల్ని, చిన్న జంతువుల్ని తూచే పరిశోధకులు వాడే పెసోలా కంపెనీ కాటా ఆ రకమే. 300 గ్రాముల దానికి 2 గ్రాములకొక గీత ఉంటుంది. బ్యాటరీ గొడవ లేదు. పెద్ద క్రాపీ కూడా పడే చోటైతే కిలోది ఇంకొకటి ఉంచుకోవాలి. రాష్ట్ర రికార్డు మీద ఆశ ఉంటే వీటిలో ఏదీ చెల్లదు, ధ్రువీకరించిన కాటా మీదే తూచాలి.

వచ్చిన కాటాకు నికెల్స్ పరీక్ష అయ్యేదాకా తడి తగలనివ్వకండి. చేప వాసన పట్టినదాన్ని వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్ళు పేచీ పెడతారు.