తలకు 780 రూపాయలకు విలువల విద్య ప్రోగ్రామ్: ఏడాది వాడాక నా మాట

మా బడి హైదరాబాద్‌ నాచారంలో. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆరు సెక్షన్లు, 214 మంది పిల్లలు. నేను ఏడో తరగతికి సోషల్ చెబుతాను. ఆ మూడు తరగతులకు ఇన్‌ఛార్జ్‌ని కూడా. పోయిన విద్యాసంవత్సరం ఒక కంపెనీ నుంచి విలువల విద్య ప్రోగ్రామ్ కొన్నాం. కొనాలని కరస్పాండెంట్ గారి దగ్గర పట్టుబట్టింది నేనే. అందుకే ఇది ఎలా పనిచేసిందో చెప్పాల్సిన బాధ్యత నాదే అనిపించింది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి అమ్మేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను డెమో చూసిన మూడింటిలోనూ సరుకు దాదాపు ఒకేలా ఉంది. కాబట్టి మీ బడికి ఏది వచ్చినా ఈ మాటలు పనికొస్తాయి.

ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి. అంతకుముందు సంవత్సరం ఎనిమిదో తరగతి అమ్మాయి ఫొటో ఒకటి పిల్లల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. చెడ్డ ఫొటో ఏమీ కాదు, భోజనం చేస్తుండగా ఎవరో తీశారు. దానికింద రాసిన మాటలు చెడ్డవి. ఆ అమ్మాయి తొమ్మిది రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్న మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు. డ్యూటీ మానుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మేడమ్, ఎవర్నీ కొట్టొద్దు, తిట్టొద్దు. మా పిల్ల మళ్లీ బడికొచ్చేటట్టు చెయ్యుండ్రి చాలు" అన్నాడు. రాసిన ముగ్గురినీ పిలిచి మందలించాం, వాళ్ల అమ్మానాన్నలను పిలిపించాం. అంతకుమించి మాకు ఏం చేయాలో తెలియలేదు. ఆ తెలియకపోవడమే నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

డెమో మార్చి నెలలో, ఒంటిపూట బడులప్పుడు జరిగింది. బ్రోషర్ మీద పెద్ద అక్షరాలతో "ఎన్‌ఈపీ 2020 ప్రకారం తప్పనిసరి" అని ఉంది. ఎన్‌ఈపీ అంటే జాతీయ విద్యా విధానం. తరువాత ఆ పాలసీ కూర్చుని చదివాను. ఆరు నుంచి ఎనిమిది వరకు మధ్య దశ అని అందులో ఉంది. సరైన పని చేయడం ఎందుకు ముఖ్యమో చిన్నప్పటి నుంచే పిల్లలకు అలవాటు చేయాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకునే ఏర్పాటు గురించి ఉంది. ఎవరి దగ్గరో కిట్ కొనమని ఎక్కడా లేదు. డెమోకి ముందే ఇది చదివి ఉండాల్సింది.

మొదట తలకు 950 అన్నారు. 780కి దిగారు. మొత్తం లక్షా అరవై ఆరు వేల తొమ్మిది వందల ఇరవై రూపాయలు. అది బడి జేబులోంచి పోలేదు, యాక్టివిటీ ఫీజులో కలిపి తల్లిదండ్రుల దగ్గరే తీసుకున్నాం. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఆటో నడుపుతారు, మెషిన్ కుడతారు, కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 1,560. ఈ లెక్క నా మనసులో ఏడాదంతా ఉంది.

ఆ డబ్బుకు వచ్చినవి: పిల్లకో రంగుల వర్క్‌బుక్, టీచర్ల పుస్తకం, గోడకు పది పోస్టర్లు, అరవై సందర్భాల కార్డులు, స్టార్లు ఇచ్చే యాప్, వారానికి ఒక పీరియడ్ తీసుకోవడానికి వాళ్ల ట్రైనర్.

వర్క్‌బుక్ గురించి ఎక్కువ చెప్పను. కాగితం మంచిది, బొమ్మలు మంచివి, లోపల సరుకు మా పిల్లలది కాదు. మంచు కురిసే ఊళ్లో ఇద్దరు స్నేహితుల కథ, చివర "దయ అంటే ఏమిటి?" అని రెండు గీతలు. ఏం రాస్తే టిక్ పడుతుందో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నవంబర్‌కల్లా అన్ని పుస్తకాల్లోనూ ఒకే వాక్యం కనబడింది. పోస్టర్లు మెట్ల దగ్గర అంటించాం. మూడో వారం తరువాత వాటిని చూస్తూ ఆగిన పిల్లను నేను చూడలేదు.

కార్డులు మాత్రం బంగారం. ఒక్కో కార్డు మీద నాలుగైదు లైన్ల సందర్భం ఉంటుంది, కింద జవాబు ఉండదు. "నీ స్నేహితురాలు నీకొక్కదానికే చెప్పిన విషయాన్ని ఇంకొకరు నిన్ను అడుగుతున్నారు. చెప్పకపోతే నిన్ను గ్రూపులోంచి తీసేస్తామంటున్నారు." ఈ కార్డు ఏడో తరగతి బి సెక్షన్‌లో తీసిన రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ట్రైనర్ చిన్న వయసు అమ్మాయి, పిల్లలు అక్కా అని పిలిచేవాళ్లు. కార్డు చదివి, కింద పిల్లల మధ్యనే కూర్చుని ఊరుకుంది. నేనైతే అరనిమిషం కూడా ఆగలేను, జవాబు చెప్పేస్తాను. ఆమె ఆగింది. ఒకడు "తీసేస్తే తీసెయ్యనీ" అన్నాడు. ఇంకో అమ్మాయి "నీకేం, నువ్వు అబ్బాయివి. మాకు గ్రూపులో లేకపోతే ట్యూషన్ టైమింగ్స్ కూడా తెల్వవు" అంది. అక్కడ నుంచి నలభై నిమిషాలు సరిపోలేదు, గంట కొట్టినా లేవలేదు. ఒక పిల్ల దగ్గర ధైర్యం తక్కువ ఎందుకుందో ఆ రోజు నాకు మొదటిసారి అర్థమైంది. ఆ పిల్ల పోగొట్టుకునేది ఎక్కువ.

ఆ ట్రైనర్ సెప్టెంబర్‌లో మానేసింది. తరువాత వచ్చిన అతను పీపీటీ చూపించేవాడు. జనవరిలో మూడో మనిషి వచ్చారు. దసరా సెలవుల తరువాత పిల్లలు "అక్క ఎప్పుడొస్తది?" అని నెల రోజులు అడిగారు. మనసులో మాట చెప్పుకునే పీరియడ్‌కు మనిషి మారితే పిల్లలు నోరు విప్పరు. కంపెనీకి ఫోన్ చేస్తే "మా కంటెంట్ ఒకటే కదా మేడమ్" అన్నారు. నాకు వచ్చిన అసలు కోపం ఆ మాటకే.

ఇక స్టార్లు. మంచి పని చేస్తే టీచర్ యాప్‌లో స్టార్ ఇవ్వాలి, నెల చివర ఎక్కువ వచ్చినవాళ్లకు సర్టిఫికెట్. జూలై నుంచి ఆఫీసుకు దొరికిన వస్తువులు తెచ్చి ఇచ్చే పిల్లలు పెరిగారు. పెన్నులు, రబ్బర్లు, ఒక కంపాస్ బాక్స్. అందరం సంతోషించాం. ఆగస్టులో మా ఆయాకు అనుమానం వచ్చింది. ఒకే నీలం పెన్ను నాలుగుసార్లు దొరికింది, నలుగురు వేర్వేరు పిల్లలకు. అడిగితే ఆరో తరగతి పిల్లవాడు తడుముకోకుండా చెప్పాడు: ఒకడు పడేస్తాడు, ఇంకొకడు తెచ్చిస్తాడు, మళ్లీ వారం మార్చుకుంటారు. పిల్లల మీద నాకు కోపం రాలేదు. నిజాయితీకి మేం ఒక ధర కట్టాం, వాళ్లు ఆ ధరకు సరుకు ఇచ్చారు. ఆ వారమే యాప్ ఆపేశాం.

యాప్ ఆపాక స్టార్లు ఏవీ లేకుండా ఒక డబ్బా పెట్టాం. మూత తీసే ఉంటుంది, పక్కన నోటుబుక్. దొరికింది వేయి, నీదైతే తీసుకో, పేరు రాయనక్కర్లేదు. వస్తువులు తగ్గాయి. కానీ ఫిబ్రవరిలో అందులో 200 రూపాయల నోటు మడిచి కనబడింది. ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు మర్నాడు వచ్చి తీసుకున్నాడు, బస్ పాస్ డబ్బులట.

అసలు విషయం అక్టోబర్‌లో జరిగింది. ఏడో తరగతిలో ఒక పిల్లవాణ్ణి ఒంటి రంగును బట్టి ఒక పేరుతో పిలుస్తారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ నెల విలువ "గౌరవం". కార్డు తీసి, పేర్లు పెట్టి పిలవడం గురించి మాట్లాడుతుంటే ఒకమ్మాయి లేచి నా వైపు తిరిగింది. "మేడమ్, సార్లు గూడ గట్లనే పిలుస్తరు గద?" అంది. తరగతంతా నిశ్శబ్దం. ఆ పిల్లవాడు తల వంచుకుని డెస్క్ మీద గోటితో గీస్తున్నాడు. అవును, పిలుస్తారు. గ్రౌండ్‌లో ఆటలు నేర్పే పీఈటీ సార్ పిలుస్తారు, ప్రేమగానే. స్టాఫ్ రూమ్‌లో నేను కూడా ఒకటి రెండుసార్లు ఆ పేరుతోనే వాడి గురించి మాట్లాడాను. పిల్లల ఎదుట ఆ మాట ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తప్ప ఇంకో దారి లేదు.

శనివారం స్టాఫ్ మీటింగ్‌లో ఈ విషయం పెట్టాను. మొదట పీఈటీ సార్‌కు కోపం వచ్చింది. "వాడు నాతో ఎంత క్లోజ్‌గా ఉంటాడో మీకు తెలుసా మేడమ్? ఎన్నడన్నా బాధపడ్డాడా?" అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించిందని ప్రిన్సిపాల్ గారు గుర్తుచేశారు. సార్ ఇంకా ముడుచుకున్నారు. చట్టం మాటతో ఎవరి మనసూ కదలలేదు. అప్పుడు మా లెక్కల టీచర్ తనను చిన్నప్పుడు బడిలో ఏమని పిలిచేవాళ్లో చెప్పింది. నలభై రెండేళ్ల మనిషి, ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. సోమవారం ప్రార్థన అయ్యాక పీఈటీ సార్ ఆ పిల్లవాడి దగ్గరికి నడిచి వెళ్లి, అసలు పేరుతో పిలిచి, "తప్పైంది బిడ్డా" అన్నారు. మైకులో కాదు, వాడికి, పక్కనున్న నలుగురికి వినబడేంత. ఆ వారం నుంచి తరగతిలో ఆ పేరు నాకు వినబడలేదు. పది పోస్టర్లు చేయలేని పని అది.

ఏడాది చివర కంపెనీ ఒక రిపోర్ట్ ఇచ్చింది. "మీ పిల్లల్లో సహానుభూతి పెరిగింది" అని రంగు గ్రాఫులు. ఎలా కొలిచారని అడిగాను. జూలైలో, ఫిబ్రవరిలో పిల్లలతో నింపించిన సర్వే ఫారం. "నేను ఇతరులకు సాయం చేస్తాను: ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు." ఏడాదంతా సాయం గురించి పాఠం విన్న పిల్ల దేనికి టిక్ పెడుతుంది? బీఎడ్‌లో చదివింది గుర్తొచ్చింది. 1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలమంది పిల్లలను నిజంగా మోసం చేసే అవకాశం ఉన్న పనుల్లో పెట్టి చూశారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్ల ఇంకోచోట అలా ఉంటుందని నమ్మలేమని తేలింది. 2010లో అమెరికా విద్యాశాఖ పరిశోధనా విభాగం ఇలాంటి ఏడు ప్రోగ్రామ్‌లను మూడు నుంచి ఐదో తరగతి దాకా మూడేళ్లు పరిశీలించి రిపోర్ట్ ఇచ్చింది. అవి పెట్టిన బడులకూ, తమ పద్ధతిలో తాము నడిచిన బడులకూ సగటున తేడా కనబడలేదు. కంపెనీ మనిషికి ఇది చెబితే "అది అక్కడ మేడమ్" అన్నాడు. మంచిదే, మరి ఇక్కడి రుజువు చూపించాలి కదా.

మా తప్పు కూడా చెప్పాలి. రాష్ట్ర సిలబస్ ప్రోగ్రెస్ కార్డులో విలువల విద్య, జీవన నైపుణ్యాలు అని ఒక గడి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్క పూటలో కూర్చుని అందరికీ ఏ గ్రేడ్ వేసేశాం. పిల్లను గమనించి వేసింది లేదు. ఇప్పుడు క్లాస్ టీచర్ ఒక్కో పిల్ల గురించి టర్మ్‌కు రెండు లైన్లు రాస్తుంది, చూసినది మాత్రమే. ఆలస్యమవుతుంది, టీచర్లకు టెన్షన్ కూడా. అయినా తల్లిదండ్రులు మార్కుల కంటే ముందు ఆ రెండు లైన్లు చదువుతున్నారు.

ఈ సంవత్సరం కాంట్రాక్ట్ కొనసాగించలేదు. సోమవారం మొదటి పీరియడ్‌లో ఇరవై నిమిషాలు క్లాస్ టీచరే పిల్లలతో గుండ్రంగా కూర్చుంటుంది, కార్డు తీస్తుంది. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలుపెట్టిన హ్యాపీనెస్ పీరియడ్‌కు కూడా పరీక్ష పెట్టలేదని చదివి ధైర్యం తెచ్చుకున్నాం. పాత కార్డులు అయిపోయాక పిల్లలే కొత్తవి రాస్తున్నారు, తెలుగులో, హిందీలో. ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. బోనాల జాతరలో తప్పిపోయిన చెప్పుల జత గురించి ఒకటి, అమ్మ ఫోన్ లాక్ తెలిసిన తమ్ముడి గురించి ఒకటి.

ఐదుకు ఎంత ఇస్తానని అడిగితే: కార్డులకు ఐదు. మొదటి ట్రైనర్‌కు ఐదు. వర్క్‌బుక్‌కు ఒకటి. యాప్‌కు సున్నా. మొత్తం కిట్‌కు రెండు. కార్డులు, టీచర్లకు రెండు రోజుల శిక్షణ విడిగా అమ్మితే కొనండి, తలకు వంద లోపు తెగుతుంది. మొత్తం కిట్టే తీసుకోవాలంటే ట్రైనర్ ఏప్రిల్ దాకా మారరని అగ్రిమెంట్‌లో రాయించుకోండి, మారితే ఎంత వాపస్ ఇస్తారో కూడా.

మార్చిలో సంతకం పెట్టకండి. జూన్‌లో బడులు తెరిచాక రెండు వారాలు వరండాలో నిలబడి, మీ బడిలో పిల్లలను ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. డెమోకి వచ్చిన మనిషి ముందు ఆ కాగితం పెట్టి, దీనికి మీ దగ్గర ఏముందో అడగండి.