ఆసిమోవ్ ఫౌండేషన్: రాసిన వరసా, కథ జరిగిన వరసా?

ఐజాక్ ఆసిమోవ్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఫౌండేషన్‌లో నవలలు ఏడు. రాసిన వరసలో వెళ్తే 1951లో వచ్చిన ‘ఫౌండేషన్’ ముందు. కథాకాలం ప్రకారమైతే 1988 నాటి ‘ప్రెల్యూడ్ టు ఫౌండేషన్’ ముందు. నేను రెండో దారిలో వెళ్లి నష్టపోయాను.

గెలాక్సీ సామ్రాజ్యం కూలాక రావాల్సిన ముప్పై వేల ఏళ్ల చీకటిని వెయ్యేళ్లకు కుదించొచ్చని లెక్క కట్టినవాడు హారీ సెల్డన్. ఆయన శాస్త్రం పేరు సైకోహిస్టరీ. మొదటి నవల్లో సెల్డన్ బతికుండగా కనబడేది కాసేపే. పోయిన చాలా ఏళ్లకి చక్రాల కుర్చీలో కూర్చున్న, ముందే రికార్డు చేసిపెట్టిన వెలుగుబొమ్మగా వచ్చి అప్పటి గండం గురించి మాట్లాడతాడు. అన్నీ అన్నట్టే జరుగుతుంటాయి. రెండో నవల్లో అదే బొమ్మ బయట జరుగుతున్నదానికి పొంతనే లేని మాటలు చెబుతుంటే, వింటున్న జనంతోపాటు మనకీ గుండె జారుతుంది. నాకు జారలేదు. ‘ప్రెల్యూడ్’లో అప్పటికే 32 ఏళ్ల సెల్డన్‌ని చూసేశాను మరి: తన లెక్క ఆచరణకి పనికిరాదని తనే చెప్పుకుంటూ, సామ్రాజ్య రాజధాని గ్రహం ట్రాంటర్‌లో చోటు మార్చి చోటు పారిపోయే మనిషిని.

అయితే ‘ప్రెల్యూడ్’ పరుగెత్తిస్తుంది, అది నిజం. మొదటి నవల 1942 నుంచి పత్రికలో వచ్చిన కథల కూర్పు. మగవాళ్లు సిగార్లు కాలుస్తూ మాట్లాడుకోవడమే ఎక్కువ, ఆడవాళ్లు దాదాపు లేరు. అక్కడే పుస్తకం మూసేసేవాళ్లని తప్పుపట్టలేను.

అసలు తిరకాసు ఆసిమోవ్ ఇంకో సిరీస్‌గా రాసిన రోబో నవలలది. ‘ద కేవ్స్ ఆఫ్ స్టీల్’ (1954), ‘ద నేకెడ్ సన్’ (1957) హాయిగా చదువుకునే హత్యకేసులు. 1985 నాటి ‘రోబోట్స్ అండ్ ఎంపైర్’కి వచ్చేసరికి, రోబోలు మనిషికి హాని చేయకూడదన్న నియమం పైన మానవజాతికి హాని చేయకూడదన్నది చేరుతుంది. మానవజాతికి హాని అంటే ఎంత? కొలిచేదెలా? సైకోహిస్టరీ ఒక్కో మనిషి సంగతి చెప్పలేదు, కోట్ల మంది ఎటు పోతారో చెబుతుంది. రోబోకి కావలసిన కొలబద్ద అదే! రెండు సిరీస్‌లకీ ముడి ఇక్కడే ఉంది.

అందుకే నా ఓటు రాసిన వరసకి, చిన్న మార్పుతో. మొదటి మూడు ఫౌండేషన్లు, తర్వాత నాలుగు రోబో నవలలు, ఆపైన ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’, ‘ఫౌండేషన్ అండ్ ఎర్త్’. ఆసిమోవ్ విడిగా రాసిన ఎంపైర్ నవలలు మూడూ వదిలేసినా కథ తెగదు. ‘ప్రెల్యూడ్’ చివర్లో చదవండి. దాని వెనకే, ఆసిమోవ్ పోయాక 1993లో వచ్చిన ‘ఫార్వర్డ్ ద ఫౌండేషన్’. అందులో సెల్డన్ తనవాళ్లని ఒక్కొక్కరినే పోగొట్టుకుంటూ, మనం ఎప్పుడో చూసిన ఆ చక్రాల కుర్చీ ముసలాయన అవుతాడు.