ఏఎక్స్3000 రౌటర్: ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతులు

రెండు బ్యాండ్ల వైఫై 6, నాలుగు యాంటెన్నాలు, ఒక గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వాన్ పోర్టు (బయటి నెట్ లైను తగిలేది), మూడు గిగాబిట్ లాన్ పోర్టులు (ఇంట్లోని పరికరాలకు), 256 ఎంబీ ర్యామ్, 12 వోల్టులు 1.5 ఆంపియర్ల అడాప్టర్. ఏఎక్స్3000 పేరుతో చాలా కంపెనీలు అమ్మేది కాస్త అటూఇటుగా ఇదే సరుకు. ఇంటికీ, పది పదిహేను మంది పనిచేసే ఆఫీసుకూ సరిపోతుందా అంటే, సరిపోతుంది. కానీ ఏళ్ల తరబడి ఆగకుండా నడవడమనేది పెట్టె మీద అచ్చువేసిన వేగాన్ని బట్టి ఉండదు.

ముందు ఆ అంకె సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2402 ఎంబీపీఎస్ కలిపి గుండుగుత్తగా 3000 అన్నారు. వైఫై 6 ఫోను ఒకసారికి ఒక బ్యాండుకే కలుస్తుంది కాబట్టి ఈ మొత్తం ఎవరికీ దక్కదు. ఆ 2402 కూడా ఛానల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉంటేనే. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి, అప్పుడు లింకు 1201. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చున్నా, అందులో నిజంగా చేతికొచ్చేది సగం నుంచి మూడింట రెండు వంతులు. కొనేముందు చూడాల్సిన అంకె వేరే ఉంది: వాన్ పోర్టు గిగాబిట్టా కాదా. ఏసీ1200 (పాత వైఫై 5 తరగతి) అని ఘనంగా రాసి, వెనక 100 ఎంబీపీఎస్ పోర్టు పెట్టిన రౌటర్లు ఉన్నాయి. లైను ఎంత వేగంగా ఉన్నా వాటిలో స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. గిగాబిట్ పోర్టున్నా ఇదే అంకె కనిపిస్తే కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి. 100కు అక్కర్లేని రెండు జతల్లో ఒక్క తీగ తెగినా లింకు 100కు దిగిపోతుంది, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రౌటర్ పోయిందని పక్కన పడేసేముందు అడాప్టర్‌ను అనుమానించాలి. దాని లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి క్రమంగా ఎండిపోతాయి. అయినా లైట్లు వెలుగుతాయి, ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. పనిభారం పడ్డప్పుడే వోల్టేజీ కుంగి రౌటర్ రీబూట్ అవుతుంది. ఎవరూ వాడనప్పుడు బాగుండి, సరిగ్గా వీడియో కాల్ మధ్యలో పడిపోతోందంటే ముందు చూడాల్సింది ఇదే. కొత్తది తెచ్చేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. ప్లస్ మధ్యలోనా బయటా అన్న గుర్తు పాత అడాప్టర్ మీద చూసుకోవాలి. ప్లగ్గు రంధ్రం 2.1 మిల్లీమీటర్లా 2.5 మిల్లీమీటర్లా అన్నదీ కొలవాలి. 2.1 పిన్నుకు 2.5 ప్లగ్గు సులువుగానే దూరుతుంది గానీ వదులుగా ఉండి, బల్ల కదిలినప్పుడల్లా రౌటర్ ఆరిపోతుంది.

లోపం రౌటర్‌దా లైనుదా అని తేల్చడానికి అడ్మిన్ పేజీలో (బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగుల పేజీ) రెండు సమయాలు పక్కపక్కన చూస్తే చాలు: సిస్టమ్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, వాన్ ఎంతసేపటి నుంచి కలిసి ఉంది. మొదటిది రోజుల్లో ఉండి రెండోది నిమిషాల్లో ఉంటే రౌటర్ పడిపోలేదు, లైనే తెగి మళ్లీ కలిసింది. రెండూ నిమిషాల్లోనే ఉంటే రౌటర్ రీబూట్ అయినట్టే. రౌటర్ తనకు జరిగినవి రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లోనూ ఇదే సాక్ష్యం దొరుకుతుంది. ఈ రౌటర్లలో గడియారానికి విడిగా బ్యాటరీ ఉండదు కాబట్టి ఆన్ కాగానే చాలావాటిలో తేదీ 1970 జనవరి 1 అని పడుతుంది. నెట్ అంది సమయం సరిచేసుకున్నాక అసలు తేదీ వస్తుంది. లాగ్ మధ్యలో ఎక్కడైనా 1970 కనిపిస్తే అక్కడ కరెంటు పోయిందనో, రౌటర్ తనంతట తానే రీబూట్ అయిందనో అర్థం.

వేడి గురించి ఒక్క మాట: రౌటర్‌ను అల్మరాలో మూసిపెట్టకండి, ఫైబర్ పెట్టె మీద దొంతరగా పెట్టకండి. కింది గాలి రంధ్రాలు మూసుకుపోకుండా గోడకు తగిలిస్తే తేడా చేతికే తెలుస్తుంది.

సెట్టింగుల్లో 160 మెగాహెర్ట్జ్ చూసి ఆశపడనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో అంత వెడల్పు కావాలంటే చాలాచోట్ల రాడార్లతో పంచుకునే డీఎఫ్ఎస్ ఛానళ్లలోకి వెళ్లాల్సిందే. రాడార్ సంకేతం తగిలితే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేయాలి, కొత్త డీఎఫ్ఎస్ ఛానల్‌లో మాట్లాడేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా విని చూడాలి. "వైఫై ఉన్నట్టుండి మాయమై కాసేపటికి వచ్చింది" అనే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే. 36 నుంచి 48 లోపు ఛానల్, 80 వెడల్పు పెట్టి వదిలేస్తే వేగం కొంత తగ్గినా గొడవ ఉండదు. 2.4లో 20 వెడల్పు, 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది పెట్టండి. ఆటో మీద వదిలితే చుట్టుపక్కల రద్దీని బట్టి ఛానల్ మారుతూ పాత ప్రింటర్లను ఏడిపిస్తుంది. ఆ పాత ప్రింటర్లే డబ్ల్యూపీఏ3 (వైఫై రక్షణలో కొత్త పద్ధతి) చూసినా మొరాయిస్తాయి. వాటి కోసం 2.4లో డబ్ల్యూపీఏ2 ఉంచక తప్పదు. యూఎస్‌బీ 3 పోర్టుంటే దానికి హార్డ్‌డిస్కు తగిలించే ముందు ఆలోచించండి, ఆ పోర్టు, కేబుల్ నుంచి వెలువడే రొద సరిగ్గా 2.4 మీదే పడుతుంది.

ఈ తరగతిలో నిజంగా నిరాశపరిచేది అప్‌లోడ్ నిండినప్పటి ప్రవర్తన. ఒకరు పెద్ద బ్యాకప్ పంపుతుంటే ఇంకొకరి కాల్‌లో మాటలు తెగుతాయి. 8.8.8.8కు (గూగుల్ సర్వర్) పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచే ఆదేశం) పెట్టి పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి: 15 మిల్లీసెకన్లు కాస్తా వందల్లోకి వెళ్తే ప్యాకెట్లు వరసలో ఇరుక్కుంటున్నాయన్నమాట. క్యూఓఎస్ (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో తేల్చేది) అనే మెనూ అన్నిట్లోనూ ఉంటుంది, చాలావాటిలో అది పేరుకే. వరసను పొట్టిగా ఉంచే ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ అనే పద్ధతి ఉండి, పరిమితిని అసలు వేగంలో 85 నుంచి 95 శాతానికి బిగించే వీలుంటేనే పనికొస్తుంది. అలా బిగిస్తే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (ప్రాసెసర్‌తో పనిలేకుండా చిప్పే ప్యాకెట్లు దాటించడం) ఆగిపోయి భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, గిగాబిట్ లైను మీద చిన్న ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. 100, 200 ఎంబీపీఎస్ లైనుకు మాత్రం ఈ బేరం లాభమే.

ప్రొవైడర్ ఇచ్చిన పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మాని లైనును దాటించడమే) పెట్టించుకుంటే రెండుసార్లు నాట్ (చిరునామాల మార్పిడి) జరిగే తలనొప్పి తప్పుతుంది. అది కుదరకపోతే కనీసం రెండింటి చిరునామాలూ 192.168.1 వరసలోనే ఉండకుండా మార్చాలి. పీపీపీఓఈ లైనైతే (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేది) ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, సాధారణంగా 1492 బైట్లు దాటకూడదు. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటే అక్కడ చూడాలి.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) విషయంలో కొనకముందే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి చివరి అప్‌డేట్ తేదీ చూడండి. మోడల్ పేరుతోపాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిపోలాలి. వీ1, వీ2 అని పేరొకటే ఉన్నా లోపలి చిప్‌లు వేరవుతాయి, ఒకదాని ఫైలు ఇంకొకదానికి ఎక్కదు. డబ్ల్యూపీఎస్ (బటన్‌తో గానీ పిన్‌తో గానీ వైఫైకి కలిపేది), బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరిచే సౌకర్యం మొదటి రోజే ఆపేయాలి.

మూడో గదికి సిగ్నల్ అందడం లేదని రిపీటర్ కొంటారు చాలామంది. ఒకే బ్యాండు మీద వింటూ తిరిగి చెప్పే రిపీటర్ వేగాన్ని దాదాపు సగం మింగేస్తుంది. పాత రౌటర్ ఉంటే దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామా 192.168.1.2గా మార్చి, లాన్ పోర్టు నుంచి లాన్ పోర్టుకు కేబుల్ లాగండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటిలో ఒకటే ఉంచి ఛానల్ మాత్రం వేరుగా పెట్టండి. కొత్త చిరునామా ప్రధాన రౌటర్ డీహెచ్‌సీపీ పంచే శ్రేణిలో పడకుండా ఆ శ్రేణిని 192.168.1.100 నుంచి మొదలుపెట్టండి.