రో హౌస్‌కు బే విండో మేలా, ముందు వరండా మేలా?

వాషింగ్టన్ నగరంలోని మౌంట్ ప్లెజెంట్ అనే పేటలో రో హౌస్, అంటే పక్క ఇళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండే ఇల్లు, వెతుక్కుంటున్న మిత్రులు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. రెండేళ్ల కిందట మేమూ ఇదే సందేహంతో ఆ వీధులన్నీ తిరిగి, చివరికి వరండా ఇల్లు తీసుకున్నాం.

బే విండో అంటే ఇంటి ముందు గోడ నుంచి వీధివైపుకు పొడుచుకొచ్చే కిటికీ భాగం; అది పాత పద్ధతి. ఇంటి హద్దు దాటి ప్రభుత్వ స్థలంలోకి గోడను కొంత ముందుకు జరుపుకోవడానికి వాషింగ్టన్ నగరం 1871లోనే అనుమతించింది. దానివల్ల ప్రతి అంతస్తులోనూ గది కాస్త పెరిగింది, వెలుతురు మూడు వైపుల నుంచి లోపలికి వచ్చింది. 1903లో ట్రామ్ ఇక్కడిదాకా వచ్చాక హ్యారీ వార్డ్‌మన్ వంటి బిల్డర్లు ఇంటి వెడల్పంతా పరుచుకునే వరండాలతో వరుసలకు వరుసలు కట్టారు. ముందుభాగం చదునుగా ఉండే ఇళ్లూ కొన్ని ఉన్నాయి కానీ, వాటిలో ఈ రెండు సౌకర్యాలూ లేవు.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది ఇల్లు ఏ దిక్కు చూస్తున్నదన్న విషయమే. నేను వాస్తు గురించి కాదు, ఎండ గురించి చెబుతున్నాను. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి రో హౌస్‌కు వెలుతురు ముందునుంచో వెనుకనుంచో రావలసిందే. ముందుగది చీకటైతే నడిమి గదీ చీకటవుతుంది. వరండా కప్పు ముందుగదిని చీకటి చేస్తుందన్న ఫిర్యాదు నిజమే, కానీ దక్షిణ ముఖం ఇళ్లకు అది అంతగా వర్తించదు. వాషింగ్టన్‌లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు జూన్‌లో దాదాపు 74 డిగ్రీల ఎత్తున, డిసెంబరులో దాదాపు 28 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అందుకే మా ఇంట్లో జూన్ ఎండ వరండా అంచు దగ్గర మూడో పలక దాటి రాదు, జనవరి ఎండ మాత్రం ముందుగది దాటి నడిమి గది గుమ్మం దాకా పాకుతుంది. ఇక్కడి ఉక్కపోత సాయంత్రాల్లో ఆ వరండాయే మాకు అరుగు; పక్కింటి వరండాకూ మాదానికీ మధ్య చెక్క కమ్మీల అడ్డు మాత్రమే ఉండడంతో మాటలు వాటంతటవే కలుస్తాయి.

మరమ్మతుల విషయంలో రెండూ ఇబ్బంది పెట్టేవే. వరండా పలకలకు రంగు పోగానే చివర్లు పుచ్చుతాయి. బే విండో దగ్గర కప్పు అతుకుల్లోంచి నీరు దిగుతుంది. ఇటుకల సందులు పూడ్చేవారు మెత్తటి పాత ఇటుకల మధ్య గట్టి సిమెంటు పెడతామంటే ఒప్పుకోకండి, సున్నం కలిపిన గారే అడగండి. సిమెంటు సందు తేమను బయటికి పోనివ్వదు, దాంతో ఇటుక ముఖమే పెచ్చులుగా ఊడిపోతుంది.

న్యూటన్, లామాంట్ వంటి వీధులు ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతాయి కాబట్టి, ఒక వరుస దక్షిణాన్ని చూస్తే ఎదుటి వరుస ఉత్తరాన్ని చూస్తుంది. మీకు దొరికింది ఆ ఉత్తర ముఖం ఇల్లయితే మాత్రం బే విండో ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే అక్కడ చలికాలంలోనూ వరండా కిందకు ఎండ రాదు, ఉన్న కాస్త వెలుతురునూ కప్పు ఆపేస్తుంది.