134 మంది స్త్రీలు, ఒక పట్టిక: డాక్టర్ సునీతి సాలమన్ పరిశోధన పత్రాలపై సమీక్ష

కోస్తా జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, హెచ్ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీలో నేను కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. చెన్నైకి చెందిన డాక్టర్ సునీతి సాలమన్ పేరు నాకు శిక్షణ తరగతుల్లోనే పరిచయమైంది. దేశంలో తొలి హెచ్ఐవీ కేసులను బయటపెట్టిన వైద్యురాలని ఒక్క వాక్యంలో చెప్పి, తరువాతి పాఠానికి వెళ్లిపోయేవారు. 2015లో ఆమె కన్నుమూసినప్పుడు, 2017లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించినప్పుడు పత్రికలలో వచ్చిన వార్తలు కూడా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాయి. ఆమె, ఆమె సహచరులు ప్రచురించిన పత్రాలను వరుసగా కూర్చుని చదివే అవకాశం నాకు గత ఏడాదే దొరికింది. లైంగిక ఆరోగ్యం, అంటువ్యాధుల రంగంలో పనిచేసే తెలుగువారికి ఇవి ఎంతవరకు ఉపయోగపడతాయో, ఎక్కడ అసంతృప్తి మిగులుస్తాయో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటిది 1987లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చిన నాలుగు పేజీల పత్రం. అప్పటికి ఈ వైరస్‌కు హెచ్ఐవీ అనే పేరు స్థిరపడలేదు కాబట్టి, శీర్షికలో హెచ్‌టీఎల్‌వీ-3 అనే పాత పేరే కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న కథ పత్రంలో లేదు గాని, తెలుసుకుని చదివితే ఆ నాలుగు పేజీల బరువు అర్థమవుతుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ బోధిస్తున్న సునీతి సాలమన్ తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు ఈ అంశాన్ని సూచించారు. నిర్మల ఎనభైకి పైగా రక్త నమూనాలు సేకరించి, సీరం వేరుచేసి, ఇంటి ఫ్రిజ్‌లో దాచి, 1986 ఫిబ్రవరిలో ఐస్ డబ్బాలో పెట్టుకుని రాత్రి రైల్లో వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) తీసుకువెళ్లారు. అక్కడ పరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి, అంటే పాజిటివ్‌గా తేలాయి. ఇది విదేశాల జబ్బు, మన దేశానికి రాదని చాలామంది ధీమాగా ఉన్న రోజులవి.

ఈ పత్రాన్ని గౌరవిస్తూనే రెండు అభ్యంతరాలు చెప్పాలి. సెక్స్ వర్కర్లుగా పట్టుబడి ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న స్త్రీల నుంచి ఆ నమూనాలు తీసుకున్నారు. దేనికోసం తీసుకుంటున్నారో వారికి చెప్పలేదని నిర్మల గారే తరువాతి కాలంలో చెప్పారు. ఈనాడు మా కేంద్రంలో సమాచారం వివరించి, సమ్మతి తీసుకోకుండా ఎవరి వేలికీ సూది తగలకూడదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం అదే చెబుతోంది. నాటి పద్ధతులు వేరని అర్థం చేసుకోగలను గాని, మన దేశపు హెచ్ఐవీ చరిత్ర సమ్మతి లేని రక్తంతో మొదలైందన్న సంగతిని శిక్షణ తరగతుల్లో దాచవలసిన అవసరం లేదు. ఇక రచయితల జాబితాలో నిర్మల పేరు మొదట ఉండదు. ఊరూ వాడా తిరిగి రక్తం తెచ్చిన మనిషి పేరు ముందుండాలని కోరుకోవడం తప్పు కాదనుకుంటాను.

నా దృష్టిలో ఈ మొత్తం కృషిలో అతి ముఖ్యమైనది 2000 సంవత్సరంలో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎస్‌టీడీ అండ్ ఎయిడ్స్‌లో వచ్చిన చిన్న పత్రం. పెళ్లి, ఏకపతీవ్రతం, హెచ్ఐవీ అనే మూడు మాటలను దాని శీర్షికలోనే పక్కపక్కన నిలబెట్టారు. 1993లో ఆమె తన తండ్రి పేరిట చెన్నైలో స్థాపించిన వైఆర్‌జీ కేర్‌కు వచ్చిన 134 మంది హెచ్ఐవీ సోకిన స్త్రీల రికార్డులను ఇందులో పరిశీలించారు. వారి సగటు వయసు 29 ఏళ్లు. 95 శాతం మందికి పెళ్లయింది. 81 శాతం మంది గృహిణులు. 88 శాతం మంది తమ జీవితంలో ఒక్క పురుషుడితో తప్ప సంబంధం లేదని చెప్పారు. దాదాపు సగం మందిలో ఆ కేంద్రానికి వచ్చేనాటికి ఏ లక్షణమూ లేదు; అంటే భర్తకు జబ్బు తేలాక, ఆ దారిన వీరికీ పరీక్ష జరిగి ఉంటుందని రచయితల ఊహ.

ఈ అంకెలు చదువుతున్నప్పుడు నా బల్లకు అవతల కూర్చున్న ముఖాలే కనిపించాయి. కొన్నేళ్ల కిందట ఐదో నెల గర్భిణి ఒకామె తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే ఎంసీహెచ్ కార్డు పట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. రిపోర్టు పాజిటివ్ అని చెప్పడానికి అత్తగారిని బయట కూర్చోమన్నాను. తలుపు వేసేలోపే ఆవిడ గుమ్మంలో నిలబడి, "మా వాడికేం లేదమ్మా, బంగారం లాంటి వాడు. ఈ పిల్లే ఎక్కడ తిరిగొచ్చిందో అడుగు" అంది. అప్పటికి ఆ కొడుకు పరీక్షే చేయించుకోలేదు. ఆ అమ్మాయి కార్డును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ముందు పరీక్ష జరిగినవారే ముందు తప్పు చేసినవారన్న లెక్క మన ఇళ్లలో ఎంత బలంగా నాటుకుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. గర్భిణులకు అందరికీ పరీక్ష చేస్తాం కాబట్టి, భర్త కన్నా భార్య రిపోర్టు ముందు రావడం మామూలే. ఆనాడు ఈ పత్రం నాకు తెలిసి ఉంటే, ఆ గదిలో నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండేదాన్ని. స్త్రీకి ఉన్న ముప్పు ఆమె నడవడికలో కాక భర్త నడవడికలో ఉందని, తమకు ముప్పు లేదనుకునే ఇల్లాళ్లను దృష్టిలో పెట్టుకునే నివారణ పథకాలు వేయాలని ఆ రచయితలు మొహమాటం లేకుండా రాశారు.

పత్రానికి పరిమితులు లేకపోలేదు. చెన్నై దాకా రాగలిగిన స్త్రీల లెక్క ఇది. ప్రయాణ ఖర్చులు లేక, తోడు వచ్చేవారు లేక ఊళ్లోనే ఉండిపోయినవారు ఇందులో కనిపించరు. 134 అనేది చిన్న సంఖ్య. ఒక్కరితోనే సంబంధం అన్నది వారు చెప్పిన మాటే తప్ప, రుజువు చేయగలిగినది కాదు. అయినా వైద్యురాలు ఆ మాటను నమ్మి, పట్టికలో ఒక గడి కేటాయించి, అచ్చు వేయించడం చిన్న విషయం కాదని నాకు అనిపిస్తుంది.

2003లో క్లినికల్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో డాక్టర్ ఎన్. కుమారస్వామితో పాటు ఈ బృందం ప్రచురించిన పత్రం మందులు ఇచ్చేవారికి మరింత అక్కరకొస్తుంది. 594 మంది రోగులలో జబ్బు ఎలా ముదిరిందో అందులో చూశారు. ఎయిడ్స్ దశను సూచించే జబ్బులలో అన్నిటికన్నా ఎక్కువగా, 49 శాతం మందిలో, ఊపిరితిత్తుల టీబీయే ఉంది. రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 అనే తెల్ల రక్తకణాలు 200 కన్నా తగ్గినవారికి, 350 పైన ఉన్నవారితో పోలిస్తే మరణించే ముప్పు 19 రెట్లు ఎక్కువని తేల్చారు. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాలలో ఒక రకం న్యుమోనియాకు ఇచ్చిన పెద్దపీట మన దగ్గర టీబీకి ఇవ్వాలని ఈ ఒక్క పట్టికతో తేలిపోతుంది. దగ్గుతో వచ్చిన ప్రతి హెచ్ఐవీ రోగినీ మేము మొదట టీబీ పరీక్షకు పంపడం వెనుక ఇలాంటి పరిశీలనలే ఉన్నాయి. ఆ తరువాత ఇదే బృందం, చౌకగా దొరికే జెనరిక్ మందులు వచ్చాక మరణాలు బాగా తగ్గాయని చూపిస్తూ మరో పత్రం వెలువరించింది. అలాంటి మందులను తయారు చేసిన కంపెనీలలో మన హైదరాబాదువి కూడా ఉన్నాయి కాబట్టి, ఆ పత్రం తెలుగువారికి కొంత దగ్గరిదే.

అయితే ఈ పత్రాలలోని చికిత్స నియమాలను ఇప్పుడు యథాతథంగా తీసుకోకూడదు. సీడీ4 ఎంతకు పడితే మందులు మొదలుపెట్టాలన్న చర్చ వాటిలో చాలాచోట్ల ఉంది. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఆ సంఖ్యతో నిమిత్తం లేకుండా ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణచిపెట్టే మందులు, ఇస్తున్నారు. ఆ మార్పుకు దారి తీసిన పరిశోధనలలో ఒకటైన హెచ్‌పీటీఎన్ 052లో చెన్నై కేంద్రం కూడా పాల్గొంది. తొమ్మిది దేశాలలో, ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని 1,763 జంటలపై ఆ అధ్యయనం జరిగింది. మందులు ముందే మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని 2011లో వెల్లడైంది. భాగస్వామి నుంచే సోకిందని జన్యు పరీక్షలో తేలిన 28 కేసులలో ఒక్కటి మాత్రమే ముందుగా మందులు మొదలుపెట్టిన వర్గంలోది. భార్యాభర్తలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు, ఒకటి, ఇరవై ఏడు అన్న ఈ తేడాను కాగితంపై గీసి చూపిస్తాను. చదువు రానివారికి కూడా అది వెంటనే అర్థమవుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచినది వైన్ షాపుల అధ్యయనం. మద్యం దుకాణాల దగ్గర చేరే మగవారిలో పలుకుబడి ఉన్నవారిని గుర్తించి, వారి చేతనే సురక్షిత లైంగిక అలవాట్ల గురించి తోటివారికి చెప్పిస్తే మార్పు వస్తుందా అని చెన్నైలో పరీక్షించారు. ఐదు దేశాలలో జరిగిన పెద్ద ప్రయోగంలో ఇది ఒక భాగం. ఈ పద్ధతి పాటించిన ప్రాంతాలకూ పాటించని ప్రాంతాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని 2010లో ప్రచురించారు. ఏళ్ల తరబడి శ్రమపడి, పని చేయలేదని నిజాయితీగా అచ్చు వేయడం మెచ్చుకోదగినది. మన జిల్లాల్లో అలాంటి కార్యక్రమం మళ్లీ తలపెట్టేవారు ముందు ఈ ఫలితం చదవాలి. మార్పు రాకపోవడానికి కారణాలను ఇంకా లోతుగా విశ్లేషించి ఉంటే బాగుండేది; ఆ భాగం నాకు పలచగా అనిపించింది.

అందుబాటు విషయంలో నా మార్కులు తక్కువ. సారాంశాలు వైద్య పత్రాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్‌లో ఉచితంగా దొరుకుతాయి గాని, కొన్ని పూర్తి పత్రాలకు డబ్బు కట్టాలి. నా జీతంలో అది చిన్న ఖర్చు కాదు. ఒక మెడికల్ కాలేజీ గ్రంథాలయంలో పనిచేసే స్నేహితురాలి సాయం లేకపోతే చదవగలిగేదాన్ని కాదు. అన్నిటికన్నా పెద్ద లోటు భాష. ఎవరి రక్తం, ఎవరి కాపురం గురించి రాశారో వారు చదవగలిగే తమిళంలోనో తెలుగులోనో నాలుగు పేరాల సారాంశం కూడా నాకు కనిపించలేదు. దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ మహారాష్ట్ర తరువాతి స్థానంలో ఉంది. ఇంతమంది ఉన్న భాషలో ఈ ఫలితాలు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా చేరిన కౌన్సిలర్లు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవారు 2000 నాటి పత్రంతో మొదలుపెట్టి, తరువాత 2003 నాటిది చదవాలని నా సిఫారసు. 1987 నాటిది చివర చదివినా నష్టం లేదు. ఆ 134 మంది పట్టికను నేను తెలుగులో ఒక పేజీకి కుదించి రాసుకున్నాను. రిజిస్టర్లు పెట్టే సొరుగులో అది పైనే ఉంటుంది. అత్తగారో ఆడపడుచో గుమ్మంలో నిలబడిన రోజున బయటికి తీస్తాను.