డీగ్ ప్యాలెస్: మేం పొయినరోజు ఒక్క ఫౌంటెన్ కూడా ఆడలా, అయినా మళ్ళా పోతా

మాది నెల్లూరు. సంక్రాంతి అయిపొయినాక మా వీధిలోవాళ్ళం పదకొండుమంది కలిసి జీటీ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి మథుర, బృందావనం టూరుకి పొయ్యాం. టూరు మాట్లాడినాయన పేరు చెప్పన్లే గానీ, బయల్దేరకముందే ఫోన్లో ఒక ఫొటో చూపించినాడు, రాజస్థాన్‌లో ఉండే డీగ్ ప్యాలెస్ ముందర ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు, పసుపునీళ్ళు చిమ్ముతా ఉండే ఫౌంటెన్లు, "అమ్మా గోవర్ధనం నుంచి అరగంటే, అది చూడకుండా వస్తే దండగ" అని. మనిషికింత అని అదనంగా వసూలు కూడా చేసినాడు. తీరా ఆడికి పోతే ఫౌంటెన్లన్నీ ఎండిపొయి ఉండాయి. అడిగితే తెలిసిందేందంటే అవి ఏడాదిలో మేళా రోజుల్లో మాత్రమే వదుల్తారంట, భాద్రపదంలో ఒకటి, హోళీ అప్పుడు ఒకటి. ఈ ముక్క ముందే చెప్పుంటే ఆయన సొమ్మేం పోయింది? పిలకాయలైతే ఏడుపొక్కటే తక్కువ.

సరే వచ్చాం గదా అని లోపలికి పొయ్యాం. భరత్‌పూర్ జాట్ రాజులది ఈ ప్యాలెస్, బదన్ సింగ్ మొదలుపెట్టినాడు, ఆయన కొడుకు సూరజ్‌మల్ టైములో ఇంత వైభవం వచ్చింది. ఎండాకాలం విడిదికి కట్టుకున్నారు కాబట్టి ఎటు చూసినా నీళ్ళ ఏర్పాట్లే. ఒకపక్క గోపాల్ సాగర్ చెరువు, ఇంకోపక్క రూప్ సాగర్ చెరువు, మధ్యలో తోట, నాలుగు చదరాలుగా కోసినట్టు దారులు, దారుల మధ్యలో కాలవలు, కాలవల్లో వరసగా ఫౌంటెన్ గొట్టాలు. జనం తక్కువ, తాజ్‌మహల్ దగ్గర తోపులాటలో నలిగి వచ్చినోళ్ళకి ఇది స్వర్గం. మా అత్తమ్మ గడ్డిలో దుప్పటి పరిచి నిమ్మకాయ పులిహోర డబ్బా తీసేదాకా వచ్చింది, నేనే గమ్మున ఉండు అత్తమ్మా అని ఆపినా.

గోపాల్ భవన్ అసలు బిల్డింగు. అటూ ఇటూ రెండు చిన్న మంటపాలు, పేర్లు సావన్, భాదోన్, అంటే మన శ్రావణం, భాద్రపదం. కప్పులు పడవ బోర్లించినట్టు ఒంపు తిరిగుంటాయి. లోపల ఫొటోలు తియ్యనియ్యరు, ఫోను సంచిలో పెట్టుకుని కళ్ళతో చూసుకోవాల్సిందే. నాకు బాగా నచ్చింది పాలరాతి భోజనాల బల్ల. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది, ఎత్తు అసలు ఉండదు, కింద కూర్చుని తినేదానికే. మా అత్తమ్మ దాని చుట్టూ తిరిగొచ్చి "మన బంతి భోజనమే గదే, వడ్డించేవాడు మధ్యలోకి దూరితే అందరికీ ఒక్క చుట్టులో అయిపోద్ది, తెలివైనోళ్ళే" అనింది. బయట పాలరాతి ఊయల కమాను ఒకటి ఉండాది, ఢిల్లీ మొగలుల దగ్గర్నుంచి సూరజ్‌మల్ ఎత్తుకొచ్చినాడని చెప్తారు. ఊయల లేదు, కమానే మిగిలింది. 1753లో ఆయన ఢిల్లీ మీద పడి దోచిన మాట మాత్రం చరిత్రే.

కేశవ్ భవన్ కథ వింటే నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది. అది చుట్టూ కాలవ ఉండే మంటపం, దాని కప్పులో రాతిగుండ్లు పెట్టి నీళ్ళ వత్తిడికి అవి దొర్లేట్టు చేసి, ఉరుము చప్పుడు పుట్టించేవాళ్ళంట. చుట్టూ ఫౌంటెన్లు వాన మాదిరి చిమ్ముతుంటే పైన ఉరుములు. మనకి నవంబరొస్తే తుఫానులు వొద్దన్నా వచ్చి పడతాయి, పాపం వాళ్ళు ఉరుమును కూడా చేయించుకోవాల్సొచ్చింది.

ఇంక అసలు సంగతి. ఫౌంటెన్లకి మోటారు ఎక్కడుండేదని మా పిల్లోడు అడిగితే గైడు నవ్వి పైనుండే నీళ్ళ తొట్టి చూపించినాడు. తొట్టి అంటే తొట్టి కాదు, చిన్న చెరువే, 6 లక్షల గ్యాలన్లు పడుతుందన్నాడు. దాని గోడ నిండా బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో గొట్టం కిందుండే ఫౌంటెన్‌కి పోతుంది. బెజ్జంలో రంగుపొడి మూట పెడితే ఆ ఫౌంటెన్ ఆ రంగులో చిమ్ముతుంది. ఎక్కడా కరెంటు లేదు, ఎత్తు మీద నుంచి నీళ్ళు దిగే వత్తిడే. మరి అంత ఎత్తుకి నీళ్ళెట్టా ఎక్కించినారు అంటే, ఎద్దులు, తోలు సంచులు. అంతే, మా మామ లేచి నిలబడ్డాడు. "ఇది కపిల గదమ్మాయ్!" ఆయన చిన్నప్పుడు కోవూరు పక్కన చేలో కపిల, అంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడేది, తోలిన మనిషి. ఇంక గైడుని మాట్లాడనియ్యలా, నీళ్ళు తోడే బాన ఎట్టుంటుంది, దాని తోలు తొండం ఎట్టా ముడుచుకుంటుంది, మోకు గిలక మీద పడేచోట ఎట్టా అరిగిపోద్ది, ఎద్దులు ముందుకు దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద ఎందుకు కూర్చుంటాడు, అన్నీ తెలుగులోనే చెప్తా పోతున్నాడు, నేను వచ్చీరాని హిందీలో గైడుకి చెప్తున్నా, ఆయన అచ్ఛా అచ్ఛా అని తలూపుతున్నాడు. తొట్టి నింపేదానికి వారం పట్టేదంట, ఫౌంటెన్లు వదిలితే కొన్ని గంటల్లో ఖాళీ. మామ లెక్కలేసుకుని "రాజుగారి సరదాకి ఎన్ని జతల ఎద్దులు చచ్చుంటాయో" అన్నాడు. ఫౌంటెన్లు ఆడుతుంటే మేం ఈ బెజ్జాల్ని చూసేవాళ్ళమే కాదు, కింద సెల్ఫీలు తీసుకుంటా ఉండేవాళ్ళం.

పొయ్యేవాళ్ళకి రెండు మాటలు. శుక్రవారం సెలవు, చూసుకుని బయల్దేరండి. లోపలే తిరిగి వచ్చెయ్యకుండా గోపాల్ సాగర్ అవతల గట్టుకి పోండి, ఆణ్ణుంచి చూస్తే గోపాల్ భవన్ నీళ్ళలోంచే లేచినట్టుంటుంది. గైడుని తప్పకుండా పెట్టుకోండి, లేకపోతే కేశవ్ భవన్ ఉత్త స్తంభాల మంటపమే. తిండి గోవర్ధనంలోనే కానిచ్చేసి రండి, మేం కచోరీలు తిని వచ్చాం కాబట్టి బతికిపొయ్యాం.

ప్యాలెస్‌కి అయిదుకి అయిదు. టూరాయనకి ఒకటి, అదీ రైల్లో మాకు టైముకి టీ ఇప్పించినందుకు. మామ మాత్రం భాద్రపదం మేళా ఏ తేదీల్లోనో కనుక్కోమని ఇప్పటికి మూడుసార్లు అడిగినాడు, లోయర్ బెర్త్ దొరికితేనే వస్తాడంట.